పసిబిడ్డలో అడ్రినల్ గ్రంథులు పెద్దవయ్యాయంటే ఏమిటి? అవి ఎలా ఎదుగుతాయి, ఎందుకు దారి తప్పుతాయి?

చెల్లీ, మూడు వారాల బాబు పాలు కక్కుకుని బరువు తగ్గిపోతుంటే ప్రొద్దుటూరు నుంచి కడపకు తీసుకెళ్లారని, స్కానింగులో మూత్రపిండాల మీద ఉండే రెండు అడ్రినల్ గ్రంథులూ పెద్దవిగా ఉన్నాయన్నారని రాశారు. ఈ గ్రంథులు కడుపులో ఎలా తయారవుతాయి, వాటి ఎదుగుదల ఎందుకు చెడుతుంది, గర్భంతో ఉన్నప్పుడు మీరు వాడిన మాత్రలు కారణమా, మీ అత్తగారు అంటున్నట్టు గ్రహణం రోజు బయటికి రావడం వల్లనా, మేనమామను చేసుకోవడం వల్లనా అని అడిగారు. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఇది. మీరు తిన్నదాని వల్ల, తిరిగినదాని వల్ల, గ్రహణం వల్ల ఇది రాదు. గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలు ఈ గ్రంథుల జోలికి పోవు. మేనరికానికి మాత్రం ఒక లెక్క ఉంది. అది కింద చెబుతాను. ఆ లెక్క కూడా మీ ఒక్కరి మీద వేయదగిన నింద కాదు.

నేను అనంతపురంలో ఇంటర్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. మీ బాబుకు డాక్టర్లు ఏ జబ్బును అనుమానిస్తున్నారో, పుట్టుకతో వచ్చే ఆ అడ్రినల్ హైపర్‌ప్లేసియాయే మా అబ్బాయికి ఉంది. వాడిప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు, తోటి పిల్లలతో సమానంగా క్రికెట్ ఆడుతున్నాడు. నేను డాక్టర్ను కాను. మోతాదుల విషయంలో మీ డాక్టరు మాటే మీకు మాట. ఈ గ్రంథి ఎలా పనిచేస్తుందో తెలిస్తే మాత్రం వాళ్లు ఏ మందు ఎందుకు ఇస్తున్నారో మీకే అర్థమవుతుంది. అప్పుడు భయం సగం తగ్గుతుంది.

చూడటానికి ఒకటే గ్రంథి అయినా పుట్టుకలో అది రెండు. బయటి భాగం వల్కలం, లోపలి భాగం దవ్వ. గర్భం నాలుగో వారం ప్రాంతంలో పిండం వెనుక గోడ లోపలి వైపున కణాలు దళసరిగా పేరుకుని ఒక గట్టులా ఏర్పడతాయి. అడ్రినల్ వల్కలం, అండాశయాలు, వృషణాలు అన్నిటికీ మొదలు అక్కడే. కొద్ది రోజుల్లో ఆ కణాలు రెండు జట్లుగా విడిపోతాయి. ఒక జట్టు అడ్రినల్ వైపు, రెండోది బీజకోశాల వైపు వెళ్తుంది. ఆరో వారం దాటాక వెన్నుపాము ఏర్పడుతున్న చోటు నుంచి నాడీ సంబంధమైన కణాలు వలస వచ్చి ఈ వల్కలంలోకి చొచ్చుకుపోతాయి. అడ్రినలిన్ తయారుచేసే దవ్వ అవే. తొమ్మిదో వారానికల్లా పైన ఒక పొర కమ్ముకుని, రెండూ కలిసి ఒకే గ్రంథిగా కనిపిస్తాయి.

మూత్రపిండం మీదే కూర్చుని ఉంటుంది గాబట్టి దానిలోంచే పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పుట్టుకతో ఒక మూత్రపిండం లేని పిల్లల్లో కూడా ఆ వైపు అడ్రినల్ మామూలుగానే ఏర్పడుతుంది. కింద ఆనుకునేందుకు ఏమీ లేక కాస్త చదునుగా, పొడుగ్గా పరుచుకుని ఉంటుంది, అంతే.

బీజకోశాలతో ఉన్న పాత చుట్టరికం మగపిల్లల తల్లిదండ్రులకు ముఖ్యమైన సంగతి. విడిపోయేటప్పుడు కొన్ని అడ్రినల్ కణాలు వృషణాల వెంట కిందికి దిగిపోతాయి. మామూలుగా వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. మందులు సరిగా పడక ఏళ్ల తరబడి జబ్బు అదుపు తప్పిన అబ్బాయిల్లో మాత్రం అవి గడ్డలుగా పెరుగుతాయి. అవి క్యాన్సర్ కాదు గానీ, తర్వాత సంతానానికి అడ్డుపడగలవు. అందుకే పిల్లవాడు ఎదిగే వయసుకు వచ్చాక వృషణాలకు కూడా అల్ట్రాసౌండ్ చేయిస్తారు. ఆ మాట విని కంగారు పడకండి.

ఇక పరిమాణం. కడుపులోని బిడ్డకు ఈ గ్రంథులు చాలా పెద్దవి. మూడో నెల చివరికి మూత్రపిండాలతో సమానంగానో, అంతకంటే పెద్దగానో ఉంటాయి. పుట్టేనాటికి మూత్రపిండంలో మూడో వంతు ఉంటాయి. పెద్దవాళ్లలో అవి ముప్ఫయ్యో వంతు మాత్రమే. అంత పెద్దవి ఎందుకంటే, గర్భంలో వల్కలంలో 80 శాతం పైగా ఒక తాత్కాలిక భాగం ఉంటుంది. అది తయారుచేసే డీహెచ్ఈఏ అనే పదార్థాన్ని జరాయువు (మాయ) ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి రక్తంలో తిరిగే ఈస్ట్రియాల్ అనే ఈస్ట్రోజెన్‌కు ముడిసరుకు చాలావరకు బిడ్డ అడ్రినల్‌దే. ప్రసవం అయ్యాక ఆ పని తీరిపోతుంది. తాత్కాలిక భాగం కరిగిపోతుంది, కొన్ని వారాల్లోనే గ్రంథి బరువు సగానికి పడిపోతుంది. కాబట్టి పసిబిడ్డ స్కానింగులో 'పెద్దది' అన్న మాట ఒక్కటే జబ్బుకు రుజువు కాదు. ఆ వయసుకు ఉండవలసిన మందం కన్నా ఎక్కువ ఉందా, పైభాగం మెదడులా మడతలు పడి ఉందా అని చూస్తారు. రక్తపరీక్షతో కలిపి చూసినప్పుడే దానికి విలువ.

ఈ ఎదుగుదలను నడిపేది మెదడు కింద ఉండే పీయూష గ్రంథి. అక్కడి నుంచి వచ్చే ఏసీటీహెచ్ అనే హార్మోను అడ్రినల్‌ను 'పెరుగు, కార్టిసాల్ తయారుచెయ్యి' అని పురమాయిస్తుంది. జబ్బు, ఒత్తిడి వచ్చినప్పుడు ఒంటిని నిలబెట్టే ఈ కార్టిసాల్ హార్మోను తగినంత రక్తంలోకి రాగానే పీయూష గ్రంథి ఆ పురమాయింపు తగ్గిస్తుంది. మొదటి మూడు నెలలు గ్రంథి దీని సాయం పెద్దగా లేకుండానే రూపు దిద్దుకుంటుంది. ఆ తర్వాత ఏసీటీహెచ్ లేకపోతే ఎదగదు. మెదడు ఏర్పడని శిశువుల్లో అడ్రినల్స్ చిన్నగా ఉండిపోవడానికి కారణం ఇదే. మీరు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఈ ఏసీటీహెచ్ సంగతి పెట్టుకోండి. గ్రంథి మరీ పెరిగినా, మరీ కుంచించుకుపోయినా చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

మీ బాబుకు అనుమానిస్తున్న జబ్బులో గ్రంథి చక్కగానే ఏర్పడుతుంది. లోపం కార్టిసాల్ తయారీలో ఉంటుంది. నూటికి తొంభైకి పైగా కేసుల్లో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. కార్టిసాల్ రాదు. అది రాలేదని పీయూష గ్రంథి ఏసీటీహెచ్‌ను ఇంకా ఇంకా పంపుతుంది. నీళ్లు పడని చేలో మన రైతు బోరు మీద బోరు వేసినట్టు, గ్రంథి కణాలు పెంచుకుంటూ పోతుంది, కార్టిసాల్ మాత్రం పడదు. మీరు స్కానింగులో విన్న 'పెద్దది' అదే. మధ్యలో ఆగిపోయిన ముడిసరుకు పురుష హార్మోన్ల దారికి మళ్లుతుంది. దానివల్ల ఆడపిల్లలు పుట్టినప్పుడే జననాంగాల్లో తేడా కనిపిస్తుంది. మగపిల్లలు మామూలుగా కనిపిస్తారు. వాళ్లకు అదే ప్రమాదం. ఎవరికీ అనుమానం రాదు.

ఉప్పును శరీరంలో నిలిపే ఆల్డోస్టిరాన్ కూడా తయారు కానప్పుడు సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం పేరుకుంటుంది. కడుపులో ఉన్నంతకాలం జరాయువు సర్దుబాటు చేస్తుంది. పుట్టాక రెండో వారంలోనో మూడో వారంలోనో బిడ్డ కుప్పకూలుతాడు. మా వాడూ అంతే. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నవాడు, పాలు పట్టుకోవడం మానేశాడు, కళ్లు లోపలికి పోయాయి, ఏడుపు కూడా పిల్లి కూనలా సన్నబడింది. మొదట చూపించిన చోట ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. బెంగళూరులో ఒక పిల్లల డాక్టరు రిపోర్టు చూసి, సోడియం 118, పొటాషియం 7.6 అన్న రెండు అంకెల కింద పెన్నుతో గీత గీసి, 'ఈ రెండూ ఇలా జతగా ఉంటే ముందు అడ్రినల్ గుర్తుకు రావాలి' అన్నారు. సోడియం 135కు పైన ఉండాలి, పొటాషియం మామూలుగా 5 చుట్టుపక్కల ఆగిపోవాలి. వాంతులతోనే వచ్చే మరో జబ్బు ఉంది. జీర్ణాశయం చివర ద్వారం బిగుసుకుపోయేది. అందులో పొటాషియం సాధారణంగా తగ్గుతుంది, పెరగదు. ఈ తేడా ఒక్కటే ఎంతోమంది బిడ్డల్ని కాపాడగలదు. మన జిల్లాల్లో వాంతులతో వచ్చే ప్రతి పసివాడికీ ఈ రెండు అంకెలు చూడాలని నేను అడిగినవారికీ అడగనివారికీ చెబుతూనే ఉంటాను.

మీ బాబు రక్తంలో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పరీక్షకు పంపారా అని అడగండి. ఎంజైము లోపిస్తే దానికి ముందున్న ఈ పదార్థం విపరీతంగా పేరుకుంటుంది. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలోనే దీన్ని పట్టుకోవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో జబ్బు లేకపోయినా ఇది కొంత ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు మళ్లీ చేస్తారు.

పెరగకుండా ఆగిపోయే రకం వేరు. అందులో గ్రంథి చిన్నగా ఉంటుంది, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పెరగదు. ఎక్స్ క్రోమోసోము మీద ఉండే డాక్స్-1 అనే జన్యువు చెడితే తల్లి బాగానే ఉంటుంది, మగబిడ్డలకు వల్కలం సరిగా ఏర్పడదు. ఆ కుటుంబంలో తల్లి తరపు మగపిల్లలు పసితనంలోనే వాంతులతో పోయిన చరిత్ర ఉండవచ్చు. అమ్మమ్మను కూర్చోబెట్టి, పోయిన బిడ్డల గురించి నెమ్మదిగా అడగండి. ఇలాంటి విషయాలు ఫైళ్లలో ఉండవు, ఆమె జ్ఞాపకంలో ఉంటాయి. ఏసీటీహెచ్ వచ్చినా దాన్ని అందుకునే గ్రాహకం చెడి గ్రంథి ఎదగని పిల్లలూ ఉన్నారు. కష్టమైన కాన్పులో, ఊపిరి అందని బిడ్డల్లో, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో గ్రంథిలోకి రక్తస్రావం కావచ్చు. అది ఎక్కువగా కుడివైపున వస్తుంది. చాలావరకు దానంతట అదే కరిగిపోతుంది. పెద్దవాళ్లలో క్షయ కూడా ఈ గ్రంథులను తినేస్తుంది. లండన్ వైద్యుడు థామస్ ఆడిసన్ 1855లో వర్ణించిన, ఈ గ్రంథులు దెబ్బతిన్న రోగుల్లో కొందరికి క్షయే కారణం, మన దేశంలో అది ఇప్పటికీ చూడవలసిన కారణమే.

ఇవన్నీ మన చేతుల్లో లేనివి. మన చేతుల్లో ఉన్నది ఒకటుంది. దాని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. స్టిరాయిడ్ మందులు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ వారాల తరబడి వాడితే రక్తంలో ఇప్పటికే చాలినంత ఉందని పీయూష గ్రంథి ఏసీటీహెచ్ పంపడం ఆపేస్తుంది. పురమాయింపు లేని గ్రంథి కుంచించుకుపోతుంది. అది తిరిగి కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. మన పల్లెల్లో కీళ్లనొప్పులకు, ఆయాసానికి పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మాత్రల్లో, నాటుమందు అని చెప్పే పొడుల్లో కూడా స్టిరాయిడ్ కలుస్తుంటుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే చెయ్యి మంచిదంటారు. అది ఒక్కసారి మానేసినప్పుడు జ్వరమో విరేచనాలో వస్తే మనిషి బీపీ పడిపోయి కూలిపోతాడు. పసిపిల్లలకు ఒరుపుకని, దద్దుర్లకని, రంగు వస్తుందని రోజూ రాసే ఘాటైన క్రీములూ ఇంతే. పలుచటి చర్మంలోంచి లోపలికి దిగి అడ్రినల్‌ను అణచివేయగలవు. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే డాక్టరు చెప్పకుండా పసిబిడ్డకు రాయకండి.

నెలలు నిండక ముందే కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి బీటామెథసోన్ రెండు డోసులు ఇస్తారు. అది మీకూ ఇచ్చి ఉంటే మథనపడకండి. ఆ అణచివేత తాత్కాలికం, ఆ సూది నిలిపే ప్రాణాలు ఎక్కువ. ఆస్తమా వంటి వాటికి గర్భిణులకు ప్రెడ్నిసొలోన్ ఇచ్చినప్పుడు జరాయువులోని ఒక ఎంజైము దాన్ని చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. డెక్సామెథసోన్, బీటామెథసోన్ మాత్రం ఆ కాపలా దాటి బిడ్డను చేరతాయి.

'స్టిరాయిడ్ అంత చెడ్డదైతే బాబుకు ఎందుకు రాశారు' అని మీ ఇంట్లో అడుగుతారు. మా ఇంట్లో అడిగారు. బాబుకు ఇచ్చే హైడ్రోకార్టిసోన్, ఒంట్లో తయారు కాని దాన్ని తయారు కావలసినంత మేరకే అందించడం. ఒంటికి అదనంగా పోయేది కాదు. అది పడితేనే ఏసీటీహెచ్ తగ్గుతుంది, గ్రంథి మామూలు పరిమాణానికి దగ్గరవుతుంది, పురుష హార్మోన్లు అదుపులోకి వస్తాయి. దానితోపాటు ఉప్పు నిలవడానికి ఫ్లూడ్రోకార్టిసోన్, మొదటి ఏడాది పాలల్లో కొద్దిగా ఉప్పు ఇస్తారు.

హైడ్రోకార్టిసోన్ రోజుకు మూడు సార్లు. మాత్ర నీళ్లలో సరిగా కరగదు, అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఒకేసారి కలిపి పెట్టుకుని రోజంతా వాడితే పైన నీళ్లు, చివర మందు అవుతాయి. డాక్టరు చెప్పిన ముక్కను ప్రతిసారీ అప్పటికప్పుడు రెండు చెంచాల మధ్య నలిపి, కొద్దిపాటి పాలలోనో కాచి చల్లార్చిన నీళ్లలోనో కలిపి, సూది లేని సిరంజితో బుగ్గ పక్కన పోయండి. గిన్నెలో మిగిలిన పొడిని మరి కాస్త నీళ్లతో కడిగి అదీ పట్టండి. ఫ్లూడ్రోకార్టిసోన్ చిన్న ఊళ్ల మందుల షాపుల్లో చాలాసార్లు ఉండదు. ఒక నెలకు సరిపడా అదనంగా ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 39 దాటితే మూడు రెట్లు అన్నది మాకు చెప్పిన పద్ధతి. మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మాత్ర కక్కేస్తే మళ్లీ ఇవ్వాలి, అదీ నిలవకపోతే ఇంజెక్షనే. 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సీసా దాదాపు ప్రతి మందుల షాపులో దొరుకుతుంది, ఖరీదు తక్కువ. పసిపిల్లలకు 25 మిల్లీగ్రాములు, పెద్ద పిల్లలకు 50 కండలోకి ఇస్తారు. ఎలా ఇవ్వాలో నర్సు దగ్గర నేర్చుకోండి. ఈ పిల్లల్లో దవ్వ కూడా బలహీనమే, ఎందుకంటే అడ్రినలిన్ తయారీకి పక్కనే ఉన్న వల్కలం నుంచి కార్టిసాల్ అందాలి. అందువల్ల జబ్బుపడ్డప్పుడు రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. పాలు మాన్పించకండి. మన వైపు ఏప్రిల్, మే ఎండల్లో చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి, ఆ నెలల్లో ఉప్పు పెంచాలా అని ముందే అడగండి. మా వాడికి ఉప్పు వేసిన మజ్జిగ సీసా లేకుండా బడికి పంపను.

మేనరికం లెక్క ఇదీ. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన జన్యు ప్రతులు చేరాలి. ఒకటే ఉన్నవాళ్లు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, వాళ్లకు తెలియను కూడా తెలియదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లక్షకు పైగా నవజాత శిశువులను పరీక్షించినప్పుడు 5,762 మందిలో ఒకరికి జబ్బు కనిపించింది. దాన్నిబట్టి దాదాపు 40 మందిలో ఒకరు ఒక ప్రతి మోస్తుంటారు. మేనమామ దగ్గర ఆ ప్రతి ఉంటే, అక్క కూతురి దగ్గర కూడా అదే ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదింట ఒకటి. అలా చూసినా మేనమామను చేసుకున్న జంటల్లో అత్యధికుల బిడ్డలకు ఈ జబ్బు రాదు. 'తరతరాలుగా చేసుకుంటున్నాం, ఏమైంది' అనే పెద్దల మాట అందుకే నిజంలా వినిపిస్తుంది. వచ్చిన చోట మాత్రం ఆ చెడిన జన్యు ప్రతి మీ దగ్గర ఎంత ఉందో మీ ఆయన దగ్గరా అంతే ఉంది. చాలావరకు ఇద్దరికీ అది వచ్చింది ఒకే జంట నుంచి, వాళ్లు మీకు అమ్మమ్మా తాతలు, ఆయనకు అమ్మానాన్నలు. కోడలిని ఒక్కదాన్నే నిలబెట్టి అడగడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

తర్వాతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం ప్రతిసారీ నాలుగింట ఒకటి. ముందు బాబుకు, తర్వాత మీ ఇద్దరికీ సీవైపీ21ఏ2 (21-హైడ్రాక్సిలేజ్ ఎంజైముకు మూలమైన జన్యువు) పరీక్ష చేయించి ఏ మార్పు ఉందో తెలుసుకుని ఉంచుకుంటే, మళ్లీ గర్భం వచ్చినప్పుడు 10 నుంచి 12 వారాల మధ్య జరాయువు నుంచి తీసిన చిన్న ముక్కతో, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీటితో చూడవచ్చు. గర్భంలోనే డెక్సామెథసోన్ ఇస్తే ఆడబిడ్డలో తేడాలు తగ్గుతాయని ఎవరైనా చెబితే తొందరపడకండి. అది ఇంకా పరిశోధన దశలోదే, నైతిక కమిటీ అనుమతి ఉన్న అధ్యయనాల్లో తప్ప ఇవ్వవద్దని హార్మోన్ నిపుణుల సంఘాల సూచన. పరీక్ష చేయించుకోకపోయినా, బిడ్డ పుట్టిన మూడో రోజుకల్లా మడమ రక్తపరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా సోడియం, పొటాషియం చూస్తూ ఉంటే చాలు. మందు ముందే మొదలైతే ఆ బిడ్డకు మీ బాబు పడుతున్న అవస్థ ఉండదు. ఈ పరీక్షల గురించి కడపలోనే జన్యు సలహా దొరుకుతుందా, తిరుపతి గానీ వేలూరు గానీ వెళ్లాలా అన్నది డిశ్చార్జ్ అయ్యే ముందే మీ డాక్టరుతో మాట్లాడి, సిఫారసు ఉత్తరం చేతికి తీసుకోండి.